పాత్‌వే 75 శాతం ఉందంటే ఉన్నట్టా, లేనట్టా? బ్యాక్టీరియా జీనోమ్‌కు ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి

బ్యాక్టీరియా ఒక పదార్థాన్ని మెట్టు మెట్టుగా ఇంకో పదార్థంగా మార్చే చర్యల వరుసే పాత్‌వే. ఒక్కో మెట్టుకు ఒక ఎంజైమ్, దాన్ని తయారుచేసే జన్యువులు కావాలి. అవి జీనోమ్‌లో ఎన్ని ఉన్నాయో సాఫ్ట్‌వేర్లు లెక్కకట్టి శాతంగా చెబుతాయి. ఒక ఉదాహరణ: నత్రజని చక్రంలో డీనైట్రిఫికేషన్‌కు నాలుగు మెట్లు. నైట్రేట్ నైట్రైట్ అవుతుంది. నైట్రైట్ నైట్రిక్ ఆక్సైడ్ అవుతుంది. అది నైట్రస్ ఆక్సైడ్‌గా మారుతుంది. చివరికి మామూలు నత్రజని వాయువై గాలిలో కలుస్తుంది. జన్యువులను, పాత్‌వేలను నంబర్లిచ్చి పెట్టిన కెగ్ డేటాబేస్‌లో ఇలాంటి ఒక్కో మెట్ల వరుసను మాడ్యూల్ అంటారు, దీని నంబరు ఎం00529. మొదటి మెట్టుకు రెండు దారులున్నాయి: నార్ ఎంజైమ్ (జి, హెచ్, ఐ అని మూడు ముక్కలు) లేదా న్యాప్ ఎంజైమ్ (ఎ, బి అని రెండు ముక్కలు). రెండో మెట్టుకు నిర్-కె, నిర్-ఎస్‌లలో ఏ ఒక్కటున్నా చాలు. మూడో మెట్టుకు నోర్-బి, నోర్-సి రెండూ ఉండాలి. నాలుగోదానికి నోస్-జడ్ ఒక్కటే. అన్నీ కలిపితే పది జన్యువులు.

మీ జీనోమ్‌లో నార్ ముక్కలు మూడూ, నిర్-కె, నోర్-బి, నోస్-జడ్ దొరికాయి, నోర్-సి మాత్రం దొరకలేదనుకుందాం. పాత్‌వే ఎంత శాతం ఉన్నట్టు?

పదిలో ఆరు ఉన్నాయి కాబట్టి 60 శాతం అనొచ్చు. హడావిడిగా రాసుకునే స్క్రిప్టులు చాలావరకు చేసే లెక్క ఇదే. ఇది తప్పు లెక్క. నార్ ఉన్నవాడికి న్యాప్ లేదని మార్కులు కోస్తోంది. మెట్లు లెక్కపెడితే నాలుగింట మూడు పూర్తయ్యాయి కాబట్టి 75 శాతం. మూడో మెట్టులో సగం ఉంది కదా, దానికి సగం మార్కు ఇద్దాం అంటే 87.5 శాతం. జన్యువుల జాబితా ఒకటే, జవాబులు మూడు. కొన్ని సాఫ్ట్‌వేర్లు 75 శాతం దగ్గర గీత గీసి, 75 గానీ ఆ పైన గానీ ఉంటే ‘ఉంది’, కింద ఉంటే ‘లేదు’ అంటాయి. అంటే మొదటి లెక్కలో మీ బ్యాక్టీరియా ఫెయిల్, మిగతా రెండింటిలో పాస్.

ఇంకో చిక్కు చూడండి. ఈసారి నోర్-సి ఉంది, నోస్-జడ్ లేదు. మెట్ల లెక్కలో మళ్లీ 75 శాతమే, గీతను అందుకుంది, ‘ఉంది’ అని వచ్చేస్తుంది. కానీ ఈ బ్యాక్టీరియా నత్రజని వాయువును విడుదల చేయదు, నైట్రస్ ఆక్సైడ్ దగ్గరే ఆగిపోతుంది. వందేళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 270 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కించే వాయువది. పొలంలో చల్లిన యూరియా ఎటు పోతోందో తెలుసుకోవాలనుకునే వారికి ఆ లేని ఒక్క జన్యువే అసలు వార్త. శాతం మాత్రమే చూపించి, ఏ మెట్టు లేదో దాచేసే సాఫ్ట్‌వేర్ ఎంత అందమైన హీట్‌మ్యాప్ (రంగుల పట్టిక) గీసినా నేను దాన్ని మొదటి వరుసలో పెట్టను. ఈ వ్యాసంలో నా కొలబద్ద ఇదే.

ముందు జన్యువులకు పేర్లు పెట్టేదెవరు?

పాత్‌వే శాతం లెక్కించేది రెండో అంచె. మొదటి అంచెలో ప్రతి జన్యువుకూ ఒక కె-నంబరు (కెగ్‌లో ఆ రకం జన్యువుకున్న గుర్తింపు సంఖ్య) తగిలించాలి. తేడాలు ఎక్కువగా పుట్టేది ఇక్కడే. అయినా చాలామంది దీన్ని పట్టించుకోకుండా రెండో అంచె సాఫ్ట్‌వేర్ గురించే వాదించుకుంటారు.

ఒకటే జీనోమ్, ఇన్‌స్టాల్ గొడవ వద్దనుకుంటే కెగ్ వాళ్ల వెబ్‌సైట్‌లో బ్లాస్ట్‌కోఆలా చాలు. మెటాజీనోమ్ (ఒక నమూనాలోని జీవులన్నింటి డీఎన్ఏ కలగలుపు) అంత పెద్ద ఫైలైతే దాని తోబుట్టువు గోస్ట్‌కోఆలా. ఫలితాన్ని అక్కడే కెగ్ మ్యాపర్‌కు పంపితే ఏ మాడ్యూల్ పూర్తిగా ఉందో, ఏ మాడ్యూల్‌లో ఒక బ్లాక్ తక్కువైందో రంగులతో చూపిస్తుంది. డిగ్రీ ప్రాజెక్టుకు, విడదీసి పెంచిన ఒక్క బ్యాక్టీరియా (ఐసొలేట్) మీద రాసే పేపర్‌కు ఇంతకంటే అవసరం లేదని నా అభిప్రాయం.

జీనోమ్‌లు పదుల్లో ఉంటే కోఫామ్‌స్కాన్. ప్రతి కె-నంబరుకూ ఒక ప్రొఫైల్ (ఆ రకం ప్రొటీన్లన్నింటి పోలికల నమూనా), దానికంటూ ఒక కటాఫ్ స్కోరు ఉంటాయి. అన్నింటికీ ఒకే ఈ-వాల్యూ (అలాంటి పోలికలు యాదృచ్ఛికంగా ఎన్ని దొరకవచ్చో చెప్పే అంకె) గీత గీసే పద్ధతి కంటే ఇది చాలా నయం. మామూలు కంప్యూటర్‌లో నడుస్తుంది. ప్రొఫైళ్లు ఉచితంగానే దొరుకుతాయి. కెగ్ మొత్తం డేటాను ఎఫ్‌టీపీ ద్వారా దించుకోవాలంటే మాత్రం 2011 నుంచి చందా కట్టాలి. కంపెనీలో పనిచేసేవాళ్లు వాడే ముందు లైసెన్సు షరతులు చదువుకోవడం మంచిది, ఉచితం అన్న మాట యూనివర్సిటీ గేటు దగ్గరే ఆగిపోవచ్చు.

కోఫామ్‌స్కాన్‌తో ఇబ్బంది ఏమిటంటే, కటాఫ్‌కు కొద్దిగా కింద పడ్డ జన్యువు అసలు లేనట్టే లెక్క. బాగా తెలిసిన ఈ. కోలై లాంటి వాటిలో ఇది పెద్దగా కనపడదు. ఎవరూ పెంచి చూడని, జీవుల వంశవృక్షంలో దూరపు కొమ్మ మీదున్న బ్యాక్టీరియాల్లో మాత్రం దెబ్బ తగులుతుంది.

ఎగ్‌నాగ్-మ్యాపర్ వేగంగా పనిచేస్తుంది, కె-నంబర్లతో పాటు ఇంకా బోలెడు సమాచారం ఇస్తుంది. దాని ఫలితాల పట్టికలో కెగ్ మాడ్యూల్ అని ఒక నిలువు వరస ఉంటుంది. ఆ జన్యువు ఏయే మాడ్యూళ్లలో పాత్ర వహించవచ్చో అది చెబుతుంది, అంతే. మాడ్యూల్ పూర్తిగా ఉందని కాదు. ఆ వరసను లెక్కపెట్టి ‘ఈ జీనోమ్‌లో ఇన్ని పాత్‌వేలు ఉన్నాయి’ అని రాసిన థీసిస్‌లు నేను చూశాను. ఒకే జన్యువుకు నాలుగైదు కె-నంబర్లు రావడం కూడా అందులో మామూలే, వాటిని అలాగే శాతం లెక్కలోకి దించితే అంకె ఉబ్బుతుంది.

ఇక అసలు సాఫ్ట్‌వేర్లు

కెగ్-డీకోడర్ వీటిలో అన్నింటికంటే తేలిక. 2018లో వచ్చింది, పైథాన్‌లో పనిచేస్తుంది. కె-నంబర్ల ఫైలు ఇస్తే క్షణాల్లో హీట్‌మ్యాప్ గీసిస్తుంది. జీనోమ్‌లు అడ్డంగా, పనులు నిలువుగా, రంగు ఎంత ముదురైతే అంత సంపూర్ణం. సముద్ర బ్యాక్టీరియాల మీద పనిచేసేవాళ్లు చేత్తో తయారుచేసుకున్న జాబితా అది. అందుకే పర్యావరణ నమూనాలకు చక్కగా సరిపోతుంది. ఆ జాబితాలో లేని మార్గం మాత్రం దాని దృష్టిలో లోకంలోనే లేదు. ఇంకో సంగతి, జన్యువు పేరులో మొదటి అండర్‌స్కోర్‌కు ముందున్నదే దానికి జీనోమ్ పేరు. నేను ఒకసారి నమూనాలన్నింటికీ ‘చెరువు’ అని రాసి, అండర్‌స్కోర్ పెట్టి, ఆపైన నంబర్లిచ్చాను. నలభై జీనోమ్‌లూ కలిసి ఒకే వరుసగా వచ్చాయి. ఆ వరుసలో దాదాపు అన్ని పాత్‌వేలూ ఉన్నాయి! అంత సర్వశక్తిమంతమైన బ్యాక్టీరియా దొరికిందని సంబరపడి, ఓ పూట తర్వాత తల పట్టుకున్నాను.

డ్రామ్ దానికి పూర్తిగా ఎదురు. 2020లో వచ్చింది. జన్యువులను తనే వెతికి, తనే పేర్లు పెట్టి, పట్టికలు తయారుచేసి ఇస్తుంది. ఫలితాలకు ముడి సరుకు, డిస్టిలేట్, లిక్కర్ అని మూడు దశల పేర్లు పెట్టుకున్నారు. సాఫ్ట్‌వేర్ పేరే గ్లాసు కొలత కదా, బట్టీ పద్ధతి చివరిదాకా పాటించారు. ఆ మధ్య దశ పట్టిక నిజంగా విలువైనది. శాతంతో సరిపెట్టకుండా ఏ జీనోమ్‌లో ఏ జన్యువు ఎన్నిసార్లు వచ్చిందో చూపిస్తుంది. చక్కెరలను, నార పదార్థాలను విరగ్గొట్టే ఎంజైమ్‌లు, శ్వాసక్రియలో ఎలక్ట్రాన్ గొలుసు కాంప్లెక్సులు కూడా అందులోనే వస్తాయి. పేగు బ్యాక్టీరియా మీద గానీ, నేల మీద గానీ పనిచేసేవాళ్లకు నా ఓటు దీనికే.

అయితే ఆకలి ఎక్కువ. డేటాబేస్‌లు అన్నీ కలిపి అమర్చుకోవాలంటే 512 జీబీ మెమరీ కావాలని దాని సూచనల్లోనే రాసి ఉంది. యూనిరెఫ్ అనే పెద్ద ప్రొటీన్ డేటాబేస్ వదిలేస్తే సుమారు 64 జీబీకి దిగుతుంది. మన కాలేజీ ల్యాబుల్లో చాలాచోట్ల ఆ 64 కూడా ఒక ప్రొఫెసర్ గదిలోని ఒక్క కంప్యూటర్‌లోనే ఉంటుంది. సర్వర్ లేకపోతే కేబేస్ వెబ్‌సైట్‌లో అకౌంటు తెరిచి అక్కడ నడపొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. క్యూలో ఆగే ఓపిక కావాలంతే.

మెటబాలిక్ అన్నది విస్కాన్సిన్ యూనివర్సిటీ నుంచి వచ్చింది. పెర్ల్, ఆర్ భాషల కలగాపులగం. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఒక సాయంత్రం పోతుందని ముందే అనుకోండి. దీన్నెందుకు సిఫార్సు చేస్తున్నానంటే నత్రజని, గంధకం, కార్బన్ చక్రాలను మెట్టు మెట్టుగా చూపిస్తుంది. నోస్-జడ్ ఉందా లేదా అన్నది శాతం వెనక దాక్కోదు. మీ నమూనాలో ఏ మెట్టును ఎన్ని జీనోమ్‌లు చేయగలవో బొమ్మ గీస్తుంది. సీక్వెన్సింగ్ రీడ్స్ (యంత్రం చదివిన డీఎన్ఏ ముక్కలు) కూడా ఇస్తే (దానికి మెటబాలిక్-సి అనే రకం వాడాలి) ఎవరి వాటా ఎంతో కూడా చెబుతుంది. మరో మంచి పని, పోలికలు దగ్గరగా ఉండి తికమక పెట్టే కొన్ని ప్రొటీన్‌లలో కీలకమైన అమైనో ఆమ్లాలు సరైన చోట ఉన్నాయో లేదో తనిఖీ చేస్తుంది. గంధకం పని చేసే డీఎస్ఆర్-సి ప్రొటీన్‌కూ, టీఆర్ఎన్ఏకి సంబంధించిన టస్-ఈ ప్రొటీన్‌కూ తేడా పట్టుకోవడం ఇలాగే.

అన్వియో అనే సాఫ్ట్‌వేర్‌లో లెక్క చాలా శుభ్రంగా ఉంటుంది. పైన చెప్పిన 75, 87.5 రెండూ పక్కపక్కన ఇస్తుంది: ఒకటి మెట్ల లెక్క, మరొకటి దారుల లెక్క. ప్రత్యామ్నాయ దారుల్లో ఏది బాగా నిండిందో కూడా రాస్తుంది. కోఫామ్ కటాఫ్‌కు కాస్త కింద పడ్డ జన్యువును కూడా పూర్తిగా వదిలేయదు. దాని చెప్పుకోదగ్గ పోలికలన్నీ ఒకే కె-నంబరు వైపు చూపిస్తుంటే ఆ పేరు పెట్టేస్తుంది. మీ సొంత పాత్‌వేను నిర్వచించుకోవచ్చు. చేతిలో కె-నంబర్ల జాబితా ఒక్కటే ఉన్నా లెక్క కడుతుంది. లోపమేమిటంటే అదొక పెద్ద ఊరు. ఒక పని కోసం వెళితే ముందు ఊరంతా తిరిగి దారులు తెలుసుకోవాలి. ఆర్నెల్లకు మించిన పని చేతిలో ఉంటే ఆ శ్రమ గిట్టుబాటవుతుంది, వారంలో రిపోర్టు ఇవ్వాలంటే కాదు.

మైక్రోబ్అనోటేటర్ గురించి చెప్పుకోవాల్సింది తక్కువే. ఒకే డేటాబేస్ మీద ఆధారపడకుండా కోఫామ్‌లో దొరకనివాటిని స్విస్‌ప్రాట్ లాంటి వేరే ప్రొటీన్ డేటాబేస్‌లలో వెతికి, ఆఖర్న మాడ్యూళ్ల హీట్‌మ్యాప్ ఇస్తుంది. డ్రామ్ మోయలేని ల్యాబుకు సరైన మధ్యదారి.

కెగ్ బయట

కెగ్ మాడ్యూళ్లు కొన్ని వందలు. మెటాసైక్ అనే మరో డేటాబేస్‌లో పాత్‌వేలు 3,000 పైమాటే. అరుదైన పదార్థాన్ని విరగ్గొట్టే మార్గం, ఏదో వింత సహఎంజైమ్ తయారీ లాంటివి వెతుకుతుంటే కెగ్‌లో అసలు పేజీయే ఉండకపోవచ్చు. మెటాసైక్ మీద ఆధారపడే పాత్‌వే టూల్స్‌ను అమెరికాలోని ఎస్ఆర్ఐ ఇంటర్నేషనల్ తయారుచేసింది. ఇది శాతమొక్కటే చూడదు. ఆ మార్గం ఏ జీవుల్లో ఉంటుందని తెలుసో, కీలకమైన చర్య దొరికిందో లేదో కూడా లెక్కలోకి తీసుకుంటుంది. మొక్కల్లో మాత్రమే ఉండే మార్గాన్ని బ్యాక్టీరియాకు అంటగట్టే పొరపాటు దీనివల్ల తగ్గుతుంది. చదువు, పరిశోధనలకు ఉచితమే, కానీ లైసెన్సు అడిగి తీసుకోవాలి.

గ్యాప్‌సెక్‌ది ఇంకో పద్ధతి. జన్యువులకు పేర్లు పెట్టడంతో మొదలుపెట్టకుండా ప్రతి పాత్‌వేలోని ప్రతి ఎంజైమ్‌నూ జీనోమ్‌లో వెతుకుతుంది. మామూలుగా 80 శాతం నిండితే ‘ఉంది’ అంటుంది. ఆ మార్గానికి గుర్తులాంటి కీలక ఎంజైమ్‌లు దొరికితే 66 శాతానికే ఒప్పుకుంటుంది. ఇది నాకు నచ్చిన తర్కం, ఎందుకంటే ఎంజైమ్‌లన్నీ ఒకే బరువు తూగవు. ఆపైన ఆ బ్యాక్టీరియా ఏ ఆహారం మీద పెరుగుతుందో లెక్కకట్టే మోడల్‌ను కూడా కడుతుంది. 2021లో దాన్ని ప్రకటించిన పేపర్‌లో, ప్రయోగశాలలో నిజంగా కొలిచిన ఎంజైమ్ ఫలితాలతో పోల్చారు. ఉన్నదాన్ని లేదనడం గ్యాప్‌సెక్‌లో 6 శాతం, ఇలాంటి మోడళ్లే కట్టే కార్వ్‌మీలో 32, మోడల్‌సీడ్‌లో 28 శాతంగా తేలింది. సొంత సాఫ్ట్‌వేర్‌ను సొంతవాళ్లే తూచిన తూకమని గుర్తుపెట్టుకుని చదవండి, అయినా తేడా చిన్నది కాదు. ఒక్కో జీనోమ్‌కు గంటలు పడుతుంది. వెయ్యి జీనోమ్‌లుంటే ఇంకేదైనా చూసుకోవాలి.

గ్యాప్‌మైండ్ రెండే ప్రశ్నలకు జవాబు చెబుతుంది: ఈ బ్యాక్టీరియా అమైనో ఆమ్లాలు సొంతంగా తయారుచేసుకోగలదా, ఏయే చిన్న కార్బన్ పదార్థాలను తినగలదు. 17 అమైనో ఆమ్లాలు, 62 కార్బన్ పదార్థాలు. బ్రౌజర్‌లోనే పని అయిపోతుంది. శాతం ఇవ్వదు. ప్రతి మెట్టుకూ నమ్మకం ఎక్కువ, మధ్యస్థం, తక్కువ అని రాసి, ఏ ప్రొటీన్‌తో పోల్చి ఆ మాట అన్నదో లింకు చూపిస్తుంది. పెరుగుదలకు మీడియా తయారుచేస్తూ ఇందులో ఏం కలపాలి అని టెన్షన్ పడేవాళ్లు వేరే ఏదీ చూడకముందే ఇది చూడాలి.

జీనోమే సగముంటే

మెటాజీనోమ్ నుంచి కూర్చిన జీనోమ్‌లను మ్యాగ్‌లు అంటాం. చెక్‌ఎం లాంటి సాఫ్ట్‌వేర్ ఆ జీనోమ్ ఎంత శాతం చేతికొచ్చిందో చెబుతుంది. 75 శాతం వచ్చిన మ్యాగ్‌లో ఎనిమిది జన్యువుల పాత్‌వేను వెతుకుతున్నామనుకోండి. బ్యాక్టీరియాలో ఆ ఎనిమిదీ నిజంగా ఉన్నా, అన్నీ మన చేతికి చిక్కే అవకాశం 0.75ను ఎనిమిదిసార్లు గుణిస్తే వచ్చేది, అంటే సుమారు 10 శాతం. జీనోమ్ 90 శాతం ఉంటే 43 శాతం, 95 ఉంటే 66. పక్కపక్కనే ఉండే జన్యువులు కలిసే వస్తాయి, కలిసే పోతాయి కాబట్టి అసలు లెక్క ఇంత సూటిగా ఉండదు, కానీ పరిస్థితి అర్థం కావడానికి ఇది చాలు. మ్యాగ్‌ల నాణ్యతను కొలిచే 2017 నాటి మిమాగ్ ప్రమాణం ప్రకారం 50 శాతం ఉన్నా మధ్యస్థ నాణ్యత అనిపించుకోవచ్చు. అలాంటి మ్యాగ్‌నూ, ల్యాబులో పెంచి పూర్తిగా చదివిన జీనోమ్‌నూ ఒకే హీట్‌మ్యాప్‌లో పక్కపక్కన పెట్టి ‘దీనికి ఈ శక్తి పోయింది’ అనడం అన్యాయం. ఒకే బ్లాక్ తక్కువగా ఉన్న మాడ్యూళ్లలో ఆ తప్పిపోయిన ముక్కను మళ్లీ వెతికే కెమెట్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, మ్యాగ్‌ల పనిలో అది ఉపయోగపడుతుంది.

100 శాతం వచ్చినా మోసపోయే చోట్లున్నాయి. భీమవరం వైపు రొయ్యల చెరువు నీటి నమూనాలో అమ్మోనియాను నైట్రైట్‌గా మార్చేది ఎవరని వెతుకుతున్నారనుకోండి. అమ్మోనియాను ఆక్సీకరించే ఎంజైమ్‌కూ, మీథేన్‌ను ఆక్సీకరించే ఎంజైమ్‌కూ కెగ్‌లో ఒకటే నంబరు, కె10944. అడుగు బురద నుంచి వచ్చే మీథేన్‌ను తినే బ్యాక్టీరియా మీ పట్టికలో అమ్మోనియా పనివాడిగా కనిపిస్తుంది. తర్వాతి మెట్టూ అంతే: నైట్రైట్‌ను నైట్రేట్ చేసే ఎంజైమ్, దానికి సరిగ్గా ఎదురు పని చేసే నార్-జి, రెండూ కె00370 కిందకే వస్తాయి. కెగ్ నంబర్ల మీద నడిచే ఏ సాఫ్ట్‌వేరైనా ఇక్కడ తడబడుతుంది. ఆ ఒక్క జన్యువుకు వంశవృక్షం గీసి చూసుకోవడం తప్ప దారి లేదు.

పాత్‌వేకు బదులు కెగ్ మ్యాప్ శాతం లెక్కపెట్టడం ఇంకో పొరపాటు. మీథేన్ మెటబాలిజం మ్యాప్‌లో మీథేన్ తయారుచేసేవీ, తినేవీ ఒకే బొమ్మలో ఉంటాయి. ఏ ఒక్క జీవీ దాన్ని పూర్తిగా నింపదు. ఎప్పుడైనా మాడ్యూల్ చూడండి.

నన్నడిగితే

ల్యాప్‌టాప్ ఒకటే ఉండి, జీనోమ్‌లు ఐదారైతే బ్లాస్ట్‌కోఆలా, కెగ్ మ్యాపర్, గ్యాప్‌మైండ్. మూడూ బ్రౌజర్‌లోనే. నత్రజని, గంధకం లాంటి చక్రాల ప్రశ్నకు మెటబాలిక్. సర్వర్ ఉండి, పీచు పదార్థాలు, పేగు, నేల మీద పని అయితే డ్రామ్. పీహెచ్‌డీ మొత్తం ఇదే పని అయితే అన్వియో నేర్చుకోండి. ఏ ఆహారం మీద పెరుగుతుందో ఊహించాలంటే గ్యాప్‌సెక్. కెగ్-డీకోడర్ బొమ్మ చివర్లో పేపర్ కోసం గీసుకోండి, నిర్ణయం దాని మీద తీసుకోకండి.

ఏది ఎంచుకున్నా మీ జీనోమ్‌లతో పాటు రెండు తెలిసిన జీనోమ్‌లు కూడా అందులో వేసి నడపండి. ఒకటి ఈ. కోలై కె-12: గ్లైకాలసిస్ పూర్తిగా రావాలి, నత్రజని స్థిరీకరణ సున్నా రావాలి. అలా రాకపోతే పొరపాటు మీ అమరికలో ఉంది. రెండోది పేనుబంకలో బతికే బుక్‌నెరా. దీనికి ల్యూసిన్, ఐసోల్యూసిన్, వాలిన్ తయారీలో ఆఖరి ఎంజైమ్ ఉండదు, ఆ మెట్టును పురుగు తన సొంత ఎంజైమ్‌తో పూర్తిచేస్తుంది. అక్కడ మీ సాఫ్ట్‌వేర్ ఒక మెట్టు ఖాళీ చూపించాలి. నిండుగా చూపిస్తే కటాఫ్ మరీ వదులుగా ఉన్నట్టు.

ఖాళీలన్నీ బుక్‌నెరాలోలా నిజం కావు. సయనోబ్యాక్టీరియాలో క్రెబ్స్ చక్రం తెగిపోయి ఉంటుందని దశాబ్దాల పాటు పాఠాలు చెప్పారు. 2011లో సినెకోకాకస్‌లో ఆ ఖాళీని పూడ్చే వేరే రెండు ఎంజైమ్‌లు బయటపడ్డాయి. అప్పటిదాకా డేటాబేస్‌లో వాటికి చోటు లేదు కాబట్టి అందరికీ అది తెగిన చక్రమే. అందుకే పేపర్‌లో మెథడ్స్ రాసేటప్పుడు సాఫ్ట్‌వేర్ వెర్షన్‌తో పాటు డేటాబేస్‌ను ఏ తేదీన దించుకున్నారో, గీత ఎంత శాతం దగ్గర గీశారో, మెట్లు లెక్కపెట్టారా జన్యువులు లెక్కపెట్టారా అన్నది కూడా రాయండి. రివ్యూయర్ అడిగాక వెతుక్కుంటే ఆ ఫోల్డర్ ఎవరో డిలీట్ చేసి ఉంటారు.